స్ట్రీట్‌మిక్స్‌తో మన వీధులు నేర్పించడం ఎలా? (మూడో ఏడాది సివిల్)

వీధిటీచర్:
అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ చెప్తాను. పదకొండేళ్లుగా చెప్తున్నాను. సూపర్ ఎలివేషన్ (మలుపులో రోడ్డు బయటి అంచును ఎత్తు చేయడం) లెక్క ఇస్తే పిల్లలు ఐదు నిమిషాల్లో చేసేస్తారు. మీ ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పు అని అడిగితే మాత్రం క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ సెమిస్టర్‌లో స్ట్రీట్‌మిక్స్ పెట్టాను. 2013లో కోడ్ ఫర్ అమెరికా హ్యాకథాన్‌లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. లేన్లు, ఫుట్‌పాత్, చెట్లు, బస్టాపు లాక్కొచ్చి పక్కపక్కన పెడితే రోడ్డు క్రాస్ సెక్షన్, అంటే రోడ్డును అడ్డంగా కోసి చూపే బొమ్మ, తయారవుతుంది. మీటర్లలో పనిచేసుకోవచ్చు, మొత్తం వెడల్పు దాటితే హెచ్చరిస్తుంది. ల్యాబ్‌లో పాత కంప్యూటర్ల మీద కూడా ఆడింది.

40 అడుగుల రోడ్డు, అంటే 12 మీటర్లు ఇచ్చి డిజైన్ చేయమన్నాను. చాలామంది రెండు వైపులా సైకిల్ ట్రాక్, పూలకుండీలు, బెంచీలు పెట్టారు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఒక్కరి బొమ్మలోనూ సైడు కాలువ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. హెచ్చరిక రాలేదు కాబట్టి డిజైన్ సరైనదే అనుకున్నారు. చివరి బెంచీలో అమ్మాయి ఒకతె లేచి "మేడమ్, మా వీధిలో కూరగాయల బండి పొద్దున్నే వచ్చి ఆగుతుంది. అది ఎక్కడ పెట్టాలి?" అంది. ఇన్నేళ్లలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. నా దగ్గర జవాబు లేదు.

మన వీధులకు, ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కోడ్‌లకు తగ్గట్టు దీన్ని ఎలా మలుచుకోవాలి? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

పురపాలక_ఏఈ:
మేడమ్, ముందు సాఫ్ట్‌వేర్ మూసి టేపు ఇవ్వండి. నేను మున్సిపాలిటీలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్) పనిచేస్తున్నాను. కొత్తగా చేరే పిల్లలు 12 మీటర్ల రోడ్డు అంటే చివరిదాకా 12 మీటర్లే అనుకుంటారు. గోడ నుంచి గోడకు కొలిస్తే ఒకచోట 12 ఉంటుంది, మెట్లు ముందుకొచ్చిన చోట పదిన్నర, వేపచెట్టు దగ్గర ఇంకా తక్కువ. అందుకని ఒకే వీధికి కనీసం మూడు చోట్ల సెక్షన్ తీయించండి: వెడల్పైన చోట, ఇరుకైన చోట, రద్దీ ఉన్న చోట. మూడూ స్ట్రీట్‌మిక్స్‌లో గీసి పక్కపక్కన పెట్టించండి. డిజైన్‌ను నిర్ణయించేది ఇరుకైన చోటే అని వాళ్లకే తెలుస్తుంది.

12 మీటర్ల లెక్క బోర్డు మీద వేయించండి. రెండు లేన్లకు 7 తీసేస్తే 5 మిగులుతుంది, ఒక్కో పక్కకు రెండున్నర. ఐఆర్‌సీ 103 ప్రకారం నడిచే దారి అడ్డు లేకుండా కనీసం 1.8 ఉండాలి. ఇక మిగిలేది 0.7. కాలువ, స్తంభం, చెట్టు, బండి అన్నీ అందులోనే. బండికి చోటు కావాలంటే లేన్ తగ్గించాలా, ఒకవైపే పార్కింగ్ ఇవ్వాలా, కాలువ మీద స్లాబు వేసి దాన్నే ఫుట్‌పాత్ చేయాలా అని వాదించుకోనివ్వండి. మా ఆఫీసులో రోజూ జరిగేది ఆ వాదనే.

ఇంకొకటి, ఆ బొమ్మలో రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. నిజం రోడ్డుకు రెండు శాతం క్యాంబర్ (నీళ్లు పోవడానికి మధ్య నుంచి అంచులకు వాలు) ఇస్తే 7 మీటర్ల రోడ్డు మధ్యలో అంచు కన్నా 7 సెంటీమీటర్లు ఎత్తు. పాత తారు చెక్కకుండా పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఇంటి గడప కంటే పైకి వస్తుంది, వానకు నీళ్లు ఇళ్లలోకి పోతాయి. స్ట్రీట్‌మిక్స్ ప్రింటు తీసి, దాని మీద ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే సర్వే పరికరం)తో తీసిన లెవెల్స్ చేత్తో రాయించండి.

ఒహాయో_తెలుగు:
ఇక్కడ ఒహాయోలో ట్రాఫిక్ కన్సల్టెన్సీలో ఉన్నాను. కాలనీ మీటింగుల్లో ఇలాంటి బొమ్మలు చూపిస్తాం, జనం వెంటనే మాట్లాడతారు. ఆ సాఫ్ట్‌వేర్ పని కూడా అదే, మాట కలపడం. కెపాసిటీ, అంటే రోడ్డు ఎంత ట్రాఫిక్‌ను మోయగలదో, దాంతో తేల్చకండి. దాన్ని ఐఆర్‌సీ 106తో చేయించండి. బైకుకు అందులో పీసీయూ (ఒక కారును 1గా తీసుకునే లెక్క) 0.5 లేదా 0.75, ట్రాఫిక్‌లో వాటి వాటాను బట్టి. మన వీధుల్లో సగం బైకులే కాబట్టి ఆ తేడాతోనే జవాబు మారిపోతుంది.

అది ఓపెన్ సోర్స్. ప్రతి వీధీ వరుసగా ముక్కలు, వాటి వెడల్పులుగా భద్రమవుతుంది. మీ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పిల్లల్ని కలుపుకుంటే, ఆ వెడల్పులు చదివి 1.8 కంటే తక్కువ ఫుట్‌పాత్ ఉన్న చోట చెప్పే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ మినీ ప్రాజెక్టుగా రాయించవచ్చు. సాఫ్ట్‌వేర్‌ని మార్చక్కర్లేదు, పక్కన మన కోడ్‌తో తనిఖీ పెడితే చాలు.

బీటెక్_2019:
మేడమ్, మా అమ్మ వీల్‌ఛైర్‌లో ఉంటుంది, అందుకని ఇది రాస్తున్నాను. కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 150 మిల్లీమీటర్లు అనుకోండి. ర్యాంపు వాలు 1:12 (ఒకటి ఎత్తుకు పన్నెండు పొడవు) ఇస్తే పొడవు 1.8 మీటర్లు. ఫుట్‌పాత్ వెడల్పూ అంతే! ఇంటి గేటు కోసం ర్యాంపును ఫుట్‌పాత్ మీదే అడ్డంగా దించితే నడిచే దారి మొత్తం వాలైపోతుంది, చక్రాలు రోడ్డు వైపు లాగేస్తాయి. స్ట్రీట్‌మిక్స్‌లో ఇది కనబడదు, ఎందుకంటే అది ఒక్క కోత మాత్రమే. దయచేసి పిల్లలతో పైనుంచి చూసే ప్లాన్ కూడా గీయించండి. నేను చదివినప్పుడు ఎవరూ గీయించలేదు.

వీధిటీచర్:
ముగ్గురికీ ధన్యవాదాలు. 1.8, 1.8 లెక్క చదివి నేను కాగితం తీసి మళ్లీ వేసుకున్నాను, నిజంగానే అంతే. పదకొండేళ్లు ఆ రెండు అంకెల్నీ సిలబస్‌లో వేరువేరు యూనిట్లలో చెప్పాను, ఒక్కసారీ కలపలేదు.

ఏఈ గారూ, మీరు చెప్పినట్టే మూడు సెక్షన్లు తీయిస్తాను. రైతు బజారు రోడ్డు ఎంచుకున్నాం. శనివారం పొద్దున ఆరింటికి, బండ్లు వచ్చే వేళకే, ఐదుగురికో టేపు చొప్పున వెళ్తున్నాం. బండి ఎంత చోటు తీసుకుంటుందో, దాని ముందు నిలబడి బేరమాడే మనిషికి ఎంత కావాలో కొలిచే పని ఆ అమ్మాయికే ఇచ్చాను. కొలతలు రాగానే ఇక్కడే పెడతాను.