ఇంటర్వ్యూలో ‘థింక్ అలౌడ్’: కోడ్ చూస్తున్నారా, నోరు చూస్తున్నారా?

మూడులాంతర్లు:
పెద్ద ప్రొడక్ట్ కంపెనీలో మొన్న నాలుగు రౌండ్లు అయ్యాయి. ఉద్యోగం రాలేదు. మూడో రౌండ్లో ఎల్‌ఆర్‌యూ క్యాష్ రాయమన్నారు, అంటే నిండిపోతే వాడి ఎక్కువసేపైనదాన్ని తీసేసే తాత్కాలిక స్టోర్. కీ ఇస్తే విలువ వెంటనే తీసిచ్చే ఒక హ్యాష్ మ్యాప్, రెండువైపులా లింకులుండే ఒక లిస్టు. 45 నిమిషాల్లో ఇంకా ఎనిమిది మిగిలుండగానే ముగించాను, గెట్ (తీయడం), పుట్ (పెట్టడం) రెండూ ఓ(1)లోనే, అంటే డేటా ఎంత పెరిగినా పట్టే టైము పెరగదు. రిక్రూటర్ ఫోన్ చేసి ‘కోడింగ్ బాగుంది, కమ్యూనికేషన్ తక్కువ’ అన్నారు. రాస్తూ ఆలోచన పైకి చెప్పలేదట. ఏడేళ్లుగా సర్వీస్ కంపెనీలో బ్యాంకు ప్రాజెక్టు చేస్తున్నాను. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) పడిపోతే లాగ్‌లు చూసి లేపేది నేనే. అక్కడ నన్నెవరూ ఆలోచన పైకి చెప్పమనలేదు. ఇది న్యాయమేనా?

నాగావళిగట్టు:
మాది ఆమదాలవలస. హైదరాబాద్‌లో అలాంటి కంపెనీలోనే ఇంటర్వ్యూలు చేస్తాను. న్యాయమే తమ్ముడూ. నువ్వు మౌనంగా రాసుకుపోతే ఫీడ్‌బ్యాక్‌లో నేనేం రాయాలి? గూగుల్ లాంటి చోట ఇంటర్వ్యూ చేసినవాళ్లు కాదు, వేరే కమిటీ ఆ ఫీడ్‌బ్యాక్ చదివి తేలుస్తుంది. వాళ్లకి నువ్వు కనపడవు, నేను రాసిందే కనపడుతుంది. హ్యాష్ మ్యాప్ ఒక్కటే ఎందుకు చాలదో చెప్పావా? వాడి ఎక్కువసేపైనది ఏదో దానికి తెలీదు, అందుకే లిస్టు కావాలి అని ఒక్క ముక్క అన్నావా? అనకపోతే బట్టీ పట్టావో, నీకే తట్టిందో నాకెలా తెలుస్తుంది?

చీపురుపల్లి_బస్సు:
లీట్‌కోడ్ సైట్లో ప్రాక్టీస్ ప్రశ్నలు అందరిదీ బట్టీయే కదండీ.

మూడులాంతర్లు:
బట్టీ అని అనుమానముంటే ప్రశ్న మార్చండి. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటి ప్రశ్నలు వట్టి టైము దండగని 2013లో గూగుల్ హెచ్‌ఆర్ పెద్ద లాస్లో బాక్ తనే చెప్పాడు. అంతకుముందు వాటివల్ల పోయినవాళ్లకి ఎవరు జవాబు చెప్పారు?

నాగావళిగట్టు:
గోల్ఫ్ బంతులు నేనడగలేదు. ఫీడ్‌బ్యాక్‌లో ఏం రాయాలో చెప్పు.

గజపతినగరం:
2023 జనవరిలో 12,000 మందిని తీసేస్తున్నామని గూగుల్ ప్రకటించింది. దూరినా అంతే.

నాగావళిగట్టు:
దానికీ దీనికీ సంబంధం లేదండి. నేనూ ఇక్కణ్ణించే వెళ్లాను. ఆర్నెల్లు రాత్రిళ్లు అద్దం ముందు నిలబడి మాట్లాడాను. నేను చేసింది ఇతనెందుకు చెయ్యకూడదు?

మూడులాంతర్లు:
అన్నా, ఇందాకట్నుంచి మాట్లాడు, మాట్లాడు అంటున్నావు. ఏ భాషలో? ‘ఈ నోడ్‌ని ఇక్కణ్ణించి పీకి మొదట్లో పెట్టాల, నేకపోతే తోక తెగిపోతాది’. నా బుర్రలో నడిచే మాట ఇదీ. దీన్ని ఇంగ్లీషు చేసి చెప్పి మళ్లీ లెక్కలోకి వచ్చేసరికి పాయింటర్ ఎక్కడుందో మర్చిపోతాను. కాలేజీలో మొదటి వైవాలో ‘లేదు’ అనబోయి మన యాసలో ‘నేదు సార్’ అన్నానని క్లాసంతా నవ్వింది. నోరు మూసుకుని రాయడం ఆరోజు నేర్చుకున్నాను.

రామతీర్థం:
జనం మాట్లాడే మాటలో గురజాడ రాసిన విజయనగరమండి మనది. యాసకి సిగ్గెందుకు?

నాగావళిగట్టు:
అదే గురజాడ 1883లో ఇంగ్లీషు కవిత్వమూ రాశాడు. మా టీములో సగంమందికి తెలుగు రాదు. డిజైన్ రివ్యూ ఏ భాషలో చెయ్యను?

మూడులాంతర్లు:
రివ్యూకి ముందు డాక్యుమెంట్ రాసిస్తాను. దానికి నా ఇంగ్లీషు సరిపోతుంది, సరిపోతూనే ఉంది. ఇంటర్వ్యూలో ఆలోచన పుట్టకముందే మాట అడుగుతున్నారు. పది నిమిషాలు రాసుకోనిచ్చి, ఆ తర్వాత వివరించమంటే ఏం పోతుంది? నిన్ను అద్దం ముందు నిలబెట్టిన భయం మంచిదైతే ఆర్నెల్లు నిద్రెందుకు పట్టలేదు నీకు?

నాగావళిగట్టు:
నిన్నంతా జవాబు రాయలేకపోయాను. పోయినేడు ఒకబ్బాయి వచ్చాడు. మాట తీరులోనే మన వైపువాడని తెలిసిపోయింది. ఇరవై నిమిషాలు పెదాలు కదుపుతూ రాసుకున్నాడు. నేను రెండుసార్లు ‘థింక్ అలౌడ్’ అన్నాను. రెండోసారికి కీబోర్డు మీంచి చేతులు తీసేసి, కాసేపాగి మళ్లీ మొదలెట్టాడు. తెలుగులో అడుగుదామని తట్టింది. ఆ రౌండ్లో నా పక్కన ఇంకొకతను ఇంటర్వ్యూ చెయ్యడం నేర్చుకోడానికి కూర్చున్నాడు. నా యాస అతను వింటాడని ఊరుకున్నాను. ‘నో హైర్’, తీసుకోవద్దు అని రాశాను.

మూడులాంతర్లు:
అతని కోడ్ నడిచిందా?

నాగావళిగట్టు:
నడిచింది. ఖాళీ ఇన్‌పుట్ కేసు ఒక్కటి తప్ప.