మిత్సుబిషి మీద పడిన మచ్చ ఎప్పటికీ పోదా?

కర్నూలు పజెరో | ఆదివారం ఉదయం 7:40

మొన్న పాత బండ్ల ఫొటోలు పెట్టే చోట నా 2006 పజెరో ఫొటో పెట్టినాను. కింద ఒకాయన "దాపరికం కంపెనీ బండి" అని ఒక్క ముక్క రాసిపోయినాడు. రాత్రంతా అదే మనసులో తిరుగుతా ఉండాది. అందుకే విడిగా అడుగుతాండా. నూరేళ్లు దాటిన చరిత్రను, బండ్లలో లోపాలు దాచినారని 2000లో బయటపడిన ఒక్క తప్పుతో కొలవడం న్యాయమేనా?

జపాన్‌లో ఒకే నమూనాలో వరసగా తయారైన మొదటి కారు 1917 నాటి మిత్సుబిషి మోడల్ ఎ. ఓడలు కట్టే వాళ్లు చేతిపనితో 22 బండ్లు చేసినారు. మిత్సుబిషి మోటార్స్ విడి కంపెనీ అయింది 1970లో, పజెరో వచ్చింది 1982లో. దాకర్ ఎడారి పందెంలో పజెరో 12 సార్లు గెలిచింది, అందులో 2001 నుంచి 2007 దాకా ఏడేళ్లు వరసగా. 2001లో ఆ బండి నడిపింది యుటా క్లైన్‌ష్మిట్, ఆ పందెం గెలిచిన మొదటి ఆడమనిషి. లాన్సర్ ఎవల్యూషన్ మీద టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా నాలుగేళ్లూ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్. మలేషియా మొదటి సొంత కారు ప్రోటాన్ సాగాకు ఆధారం లాన్సర్ ఫియోరే. కొరియా వాళ్ల మొదటి హ్యుందాయ్ పోనీలో ఇంజను మిత్సుబిషిదే. పక్క దేశాలకు కార్లు చేయడం నేర్పిన కంపెనీ ఇది.

ఇదంతా చేసింది ఇంజనీర్లు, దాచింది పైన కూర్చున్న పెద్దలు. రెండూ ఒకే గాటన కట్టొద్దంటాను.

స్టెప్నీ (విజయవాడ) | 8:25

ఆ ముక్క రాసింది నేనే. రాసి ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాను.

"ఒక్క తప్పు" అన్నారు. 2000లో రవాణా శాఖ అధికారులు తనిఖీకి వెళ్తే, కొన్నవాళ్ల ఫిర్యాదు కాగితాలు ఉద్యోగులు బట్టలు మార్చుకునే గదిలో లాకర్లలో దొరికాయి. ప్రభుత్వానికి చూపించే ఫైళ్లు వేరు, దాచుకునే ఫైళ్లు వేరు. 1977 నుంచి నడిచిన పద్ధతి అది. ఇరవై మూడేళ్లు! రీకాల్, అంటే లోపమున్న బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయడం, ప్రకటించేవాళ్లు కాదు. బండి సర్వీసుకు వచ్చినప్పుడు ఓనరుకు చెప్పకుండా భాగం మార్చి పంపేసేవాళ్లు. బయటపడ్డాక ఆరు లక్షలకు పైగా బండ్లు వెనక్కి పిలిచారు, అధ్యక్షుడు కత్సుహికో కవసోయె దిగిపోయాడు. ఇక దాచింది ఏమీ లేదన్నారు.

ఉంది. 2002 జనవరి 10న యొకొహామాలో 29 ఏళ్ల తల్లి ఇద్దరు చిన్న కొడుకులతో ఫుట్‌పాత్ మీద నడిచి వెళ్తోంది. రోడ్డు మీద పోతున్న పెద్ద మిత్సుబిషి ట్రెయిలర్ లారీకి ముందు ఎడమ చక్రం ఊడింది. దాదాపు 140 కిలోల చక్రం దొర్లుకుంటూ వచ్చి వెనక నుంచి ఆమెను కొట్టింది. తల్లి చనిపోయింది, పిల్లలిద్దరికీ దెబ్బలు తగిలాయి. కంపెనీ చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? "ఓనరు మెయింటెనెన్స్ సరిగ్గా లేదు." రెండేళ్లు అదే మాట మీద నిలబడ్డారు. 2004 మార్చిలో గాని, చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే హబ్‌లోనే లోపం ఉందని ఒప్పుకోలేదు. లక్షకు పైగా లారీలకు రీకాల్ వచ్చింది.

పజెరో గెలుపుల జాబితా పక్కన దీన్ని కూడా రాయండి, అప్పుడు మాట్లాడదాం.

నల్గొండ లాన్సర్ | 8:31

నా దగ్గర 2003 లాన్సర్ ఉంది. ఇప్పటికీ ఇంజను సప్పుడు రాదు. గంతే చెప్తున్న.

కర్నూలు పజెరో | 9:02

స్టెప్నీ గారూ, మీరు చెప్పింది ఫూసో లారీ సంగతి. మిత్సుబిషి లారీలు చేసే ఫూసో వేరే కంపెనీ. దాంట్లో పెద్ద వాటా చానా ఏళ్లు జర్మనీ డైమ్లర్ వాళ్లది. మన చెన్నై దగ్గర ఒరగడంలో భారత్‌బెంజ్ లారీలు చేసేది ఆ డైమ్లరే, ఆ ఫ్యాక్టరీ నుంచి ఫూసో పేరుతో బండ్లు విదేశాలకు కూడా పోతాయి. లారీ పాపం తెచ్చి కారు నెత్తిన రుద్దితే ఎట్లా?

స్టెప్నీ (విజయవాడ) | 9:10

యొకొహామా ప్రమాదం నాటికి వేరు కాదు.

కర్నూలు పజెరో | 9:14

వేరే. కావాలంటే చూసుకోండి.

ఒకాయామ శ్రీను | 9:50

నేనుండేది ఒకాయామలో. మిత్సుబిషి చిన్న కార్లు చేసే మిజుషిమా ఫ్యాక్టరీ మాకు దగ్గరే. తేదీల విషయంలో స్టెప్నీ చెప్పిందే సరి. ఫూసో విడి కంపెనీ అయింది 2003 జనవరిలో. ప్రమాదం 2002 జనవరిలో. అప్పటికి ఆ లారీ చేసిందీ, "మెయింటెనెన్స్" అని జవాబు చెప్పిందీ మిత్సుబిషి మోటార్సే.

దాకర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో తేదీ కూడా చెప్తాను. ఆ ఏడాది పందెం సెనెగల్‌లో ముగిసింది జనవరి 13న. గెలిచింది హిరోషి మసుఒకా, పజెరోలోనే. యొకొహామా ప్రమాదానికి సరిగ్గా మూడు రోజుల తరవాత.

నల్గొండ లాన్సర్ | 9:58

మూడు రోజులా. ఈ సంగతి నాకు ఎర్కే లేదు.

కర్నూలు పజెరో | 10:40

తేదీలు సరే. సాంకేతికం మాట్లాడదాం. నేను ముప్పై ఏళ్లు సర్వీస్ షెడ్డులో పనిచేసినాను, అందులో పద్దెనిమిదేళ్లు ఫోర్‌మన్‌గా. చక్రం ఊడిందంటే మొదట చూసేది నట్లు. ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచి పట్టకుండా పైపు తగిలించి, కాలితో తొక్కి బిగిస్తారు. నట్టు ఎక్కే బోల్టు, అదే స్టడ్డు, సాగుతుంది, తరవాత తెగుతుంది. బేరింగులో గ్రీజు ఎండిపోతే హబ్ అరుగుతుంది. ఓవర్‌లోడు ఉండనే ఉండాది. పది టన్నుల బండికి పద్దెనిమిది టన్నులు ఎక్కించి, హబ్ పగిలిందని కంపెనీని తిడితే ఎట్లా? ఈ మాట చెప్పినందుకు షెడ్డులో నన్ను కొట్టడానికి వచ్చినోళ్లు కూడా ఉండారు.

మెయింటెనెన్స్ అనే కారణం ఊరికే పుట్టలేదని చెప్తాండా.

స్టెప్నీ (విజయవాడ) | 10:52

జపాన్‌లో పద్దెనిమిది టన్నులు ఎక్కించారని మీకెవరు చెప్పారు? అంతకు ముందు, 1990ల నుంచే, అవే హబ్‌లు పగిలి చక్రాలు ఊడుతున్నాయి. ఆ సంగతి కంపెనీకి తెలుసు. అయినా ప్రభుత్వానికి "0.8 మిల్లీమీటర్లు అరిగితే హబ్ మార్చాలి, వీళ్లు మార్చలేదు" అని చెప్పారు. మామూలుగా వాడినా పగిలే భాగానికి అరుగుదల లెక్క పెట్టి, దాన్ని డ్రైవరు మెడకు చుట్టారు. ఇది సాంకేతికం కాదా?

కర్నూలు పజెరో | 11:05

అరుగుదల కొలత లేకుండా ఏ భాగమూ ఉండదు. మీరెప్పుడైనా హబ్ విప్పినారా?

తెనాలి సుజాత | 11:08

హబ్ గొడవలో పడి అసలు ప్రశ్న వదిలేశారు. 2016 మాటేమిటి? అప్పుడు డైమ్లరూ లేదు, లారీలూ లేవు.

ఒకాయామ శ్రీను | 11:47

సుజాత గారు సరైన చోట పట్టుకున్నారు. 2016 ఏప్రిల్ 20న మిత్సుబిషి తనే ఒప్పుకుంది: చిన్న కార్ల మైలేజీ లెక్కలు తప్పుగా ఇచ్చాం అని. మొత్తం 6,25,000 కార్లు. అందులో 4,68,000 నిస్సాన్ పేరుతో అమ్మినవి. అంకెలు కుదరడం లేదని పట్టుకున్నది కూడా నిస్సానే. జపాన్ నియమం ప్రకారం చేయాల్సిన పరీక్షను 1991 నుంచీ వేరే పద్ధతిలో చేస్తున్నారని తరవాత తేలింది. అధ్యక్షుడు తెత్సురో ఐకవా రాజీనామా చేశాడు. ఆ ఏడాదే నిస్సాన్ 34 శాతం వాటా కొని కంపెనీని చేతిలోకి తీసుకుంది.

అప్పుడు మిజుషిమాలో చిన్న కార్ల తయారీ జూలై దాకా ఆగిపోయింది. లెక్కలు దిద్దినవాళ్లు వేరే చోట ఉన్నారు. సీట్లు, గొట్టాలు, ప్రెస్ భాగాలు చేసి ఇచ్చే చిన్న కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. దెబ్బ పడింది వీళ్ల మీద. అందుకే "మిత్సుబిషి అంటే దొంగలు" అని మా పక్కింటివాళ్ల ముందు నేను అనలేను. రెండు సార్లు దొరికాక కూడా మూడోసారి ఎలా జరిగిందని మాత్రం ఇక్కడి మనుషులే అడుగుతారు.

కర్నూలు పజెరో | 12:15

మైలేజీ అబద్ధానికి ఎవరూ చావలేదు. దాన్నీ దీన్నీ కలపొద్దు. స్టెప్నీ గారు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. హబ్ ఎప్పుడైనా విప్పినారా, లేక ఎక్కడో చదివిందేనా?

స్టెప్నీ (విజయవాడ) | 12:58

విప్పలేదు. మా నాన్న విప్పాడు. ఆయన లారీ డ్రైవరు. నా పేరు స్టెప్నీ అని ఎందుకు పెట్టుకున్నానో ఇక్కడ ఎవరూ అడగలేదు. ఆటోనగర్‌లో లారీ పక్కన స్టెప్నీ టైరు మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న నడిపే లారీకి రాత్రి పూట ముందు చక్రం ఊడింది. బండి మిత్సుబిషిది కాదు, కంపెనీ పేరు రాయను. దేవుడి దయ వల్ల ఎవరూ పోలేదు. బండి పొలంలోకి దిగింది, క్లీనరు చెయ్యి విరిగింది. బండి కొని ఏడాది కూడా కాలేదు. క్లెయిము పెడితే కంపెనీ తరపు మనిషి వచ్చాడు, చుట్టూ తిరిగాడు, కాగితం మీద "నిర్వహణ లోపం" అని రాశాడు. ఓనరు నష్టమంతా నాన్న జీతంలో కోసుకున్నాడు. నాలుగేళ్లు. మా అక్క చదువు ఇంటర్‌తో ఆగింది అందుకే.

బయలుదేరే ముందు ప్రతి నట్టూ సుత్తితో కొట్టి శబ్దం వినేవాడు మా నాన్న. అలాంటి మనిషిని నిర్లక్ష్యం మనిషి అన్నారు. యొకొహామా లారీ ఓనరు ఇంటి మీద పోలీసులు సోదాకు వెళ్లారని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కర్నూలు పజెరో | 1:06

బాధ పడొద్దు గానీ, వేరే కంపెనీ బండి కథ తెచ్చి మిత్సుబిషి మీద సాక్ష్యంగా పెడితే ఎట్లా చెల్లుతుంది? నట్లన్నీ చూసినానని ప్రతి డ్రైవరూ చెప్తాడు.

స్టెప్నీ (విజయవాడ) | 1:09

మా నాన్న అబద్ధం ఆడాడంటున్నారా? సూటిగా చెప్పండి.

నల్గొండ లాన్సర్ | 1:11

కర్నూల్ అన్నా, ఆ మాట వెనక్కి తీస్కో. పెద్దమనిషి గురించి గట్ల మాట్లాడద్దు.

తెనాలి సుజాత | 1:15

ఇప్పటికి తెలిసింది. మీరిద్దరూ పొద్దున్నుంచి కొట్లాడుతున్నది మిత్సుబిషి గురించి కాదు. భాగం విరిగితే కారణం రాసే కలం ఎవరి చేతిలో ఉండాలన్నది మీ తగువు. చేసినవాడే పరీక్షించి, తప్పు నాది కాదని తానే రాసుకుంటే, నడిపినవాడు దేంతో నిరూపించుకోవాలి?

నిర్వాహకులు | 1:20

ఇళ్లలోని పెద్దల జోలికి ఎవరూ వెళ్లొద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాం.

కర్నూలు పజెరో | 4:35

భోజనం చేయలేదు. మధ్యాహ్నమంతా బండి దగ్గరే కూర్చున్నా.

స్టెప్నీ తమ్ముడూ, మీ నాయన అబద్ధం ఆడినాడని నేను అనకూడదు. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. ఫూసో వేరన్నదీ తప్పే, శ్రీను చెప్పిన తేదీ సరిగ్గా ఉండాది.

ఒక సంగతి మాత్రం చెప్పాల. అట్లాంటి కాగితాలు నేనూ రాసినాను. కంపెనీ పేరు చెప్పను, అందులో ఇంకా నా సావాసగాళ్లు ఉండారు. క్లెయిము ఒప్పుకుంటే మా షెడ్డుకు పై నుంచి తాఖీదు వచ్చేది, కొట్టేస్తే ఏమీ వచ్చేది కాదు. నెలకు ఎన్ని ఒప్పుకున్నామో లెక్క అడిగేవాళ్లు. పనివాడు తప్పు బిగించినాడనో, డ్రైవరు చూసుకోలేదనో రాస్తే అందరికీ సుఖం. నేను రాసిన వాటిల్లో చానా వరకు నిజంగా మెయింటెనెన్సే, ప్రమాణం చేస్తాను. కొన్నింట్లో నేను హబ్ విప్పి చూడలేదు. బయట నుంచి చూసి రాసినాను.

అందుకే ఇంజనీర్లను, మెకానిక్‌లను దొంగలంటే నాకు మంట. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పైన మేనేజరు. లాకరులో ఫైళ్లు పెట్టిన గుమాస్తాకు కూడా ఇల్లు ఉంటుంది కదా.

స్టెప్నీ (విజయవాడ) | 5:10

ఇల్లు అందరికీ ఉంటుంది సార్. యొకొహామా కేసులో 2007 డిసెంబరులో కోర్టు శిక్ష వేసింది ఇద్దరు మాజీ ఉద్యోగులకు, అదీ జైలుకు పోనక్కర్లేని సస్పెండెడ్ శిక్ష. వాళ్లకూ ఇళ్లున్నాయి. ఆ ఇద్దరు పిల్లలకు ఇంట్లో అమ్మ లేదు.

ఒకాయామ శ్రీను | 5:42

ఇద్దరికీ ఒక్క మాట. 2000లో ఆ లాకర్లు వాటంతట అవి తెరుచుకోలేదు. పేరు చెప్పని మనిషి ఒకరు రవాణా శాఖకు సమాచారం ఇచ్చారు, ఎక్కడ వెతకాలో అధికారులకు దాంతోనే తెలిసింది. లోపలి సంగతి తెలిసిన మనిషి అయి ఉండాలి. గుమాస్తాకు ఇల్లున్నా చెప్పడానికి దారి ఉందని నాకు అనిపించేది అందుకే. అయితే అలా చెప్పినవాళ్లను కాపాడే ప్రత్యేక చట్టం జపాన్‌లో వచ్చింది 2004లో, అమలైంది 2006లో. ఆ మనిషి నోరు విప్పేనాటికి అలాంటి అండ లేదు.

నల్గొండ లాన్సర్ | 5:50

గా మనిషికి దండం.

కర్నూలు పజెరో | 6:20

నేను ఎవరికీ సమాచారం ఇవ్వలేదు. రిటైరయినాక కూడా ఇవ్వలేదు.

పజెరో అమ్మను. అది నా కష్టార్జితం, చేసినోళ్లు బాగా చేసినారు, ఆ మాట మీద ఉంటాను. "ఒక్క తప్పు" అని మొదట రాసింది మాత్రం కొట్టేస్తాండా.

స్టెప్నీ (విజయవాడ) | 9:30

ఇప్పుడే ఇంటికి వచ్చాను. నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయన దగ్గర ఆ రిపోర్టు నకలు ఇంకా ఉంది, బీరువాలో ఆర్‌సీ కాగితాల కింద. కారణం అన్న గడిలో రెండే మాటలు, కింద ఒక ఫోర్‌మన్ సంతకం. ఊరు కర్నూలు కాదు. అది మీరు కాదని ఆయనకు తెలుసు.

మీరు హబ్ విప్పి చూడలేదని రాసిన చోట నన్ను ఆపాడు. ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.