నాన్న ఫోన్‌లో క్రోమ్ స్పామ్ హెచ్చరిక: నమ్మాలా, వద్దా?

నమస్తే, మాది కర్నూలు. నాన్న ఉల్లి ధరల కోసం ఫోన్‌లో ఏవేవో సైట్లు తెరుస్తుంటారు, నోటిఫికేషన్లకు అలో (Allow) అని కనిపిస్తే చాలు నొక్కేస్తారు. ఇప్పుడు తెల్లవారకముందే నోటిఫికేషన్ల మోత. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి" అని ఎర్ర త్రిభుజం బొమ్మ, దాని పక్కన చిన్న అక్షరాల్లో నోరు తిరగని సైటు పేరు.

ఈమధ్య క్రోమే వాటిని దాచేసి, ఇది స్పామ్ కావచ్చు, అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తారా, చూస్తారా అని అడుగుతోంది. నాన్నేమో ఈ హెచ్చరికే మోసం అంటున్నారు! సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిస్తే చాంతాడంత జాబితా ఉంది.

చిక్కేమిటంటే, ధరలు చెప్పే సైటుకూ అదే హెచ్చరిక వచ్చింది. అది నిజంగా మోసపు సైటా, క్రోమ్ పొరబడిందా అన్నది ఎలా తేల్చుకోవాలి? మిగతావన్నీ బ్లాక్ చేసి అదొక్కటి ఉంచితే ఇబ్బందా? ఆయన ఆ వైరస్ మెసేజ్‌ను ఒకసారి నొక్కారు, కొత్త యాప్ అయితే ఏదీ కనిపించలేదు. ఫోన్ రీసెట్ చేయాల్సిందేనని రిపేరు షాపతను అంటున్నాడు, నాకు నమ్మకం కుదరడం లేదు. బ్యాంకు యాప్ కూడా అందులోనే ఉంది, అదే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.