ఆక్సీమీటర్‌లో 95 వస్తోంది, నాయనకు దమ్ము మాత్రం తగ్గట్లేదు

కామారెడ్డి బిడ్డ:
మా నాయనకు 68. బీడీలు మానేసి చాన్నాళ్లయింది, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు సన్నబడే జబ్బు) మాత్రం ఉండిపోయింది. పీల్చే మందు రెండు పూటలా వాడుతడు. ఈ వానాకాలం నుంచి గేటు దాకా పోయొస్తే చాలు, కూలబడిపోతున్నడు. ఆక్సీమీటర్ పెడితే 95. "మంచిగనే ఉందిగా నాయనా" అంటే నా మీద గరమైతడు. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.1, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ 64 వచ్చినయి. ఫెరిటిన్ నార్మలే అని రిపోర్టులో ఉంది. అయితే ఐరన్ తక్కువ లేనట్టేనా?

ల్యాబ్ మనిషి, తెనాలి:
డాక్టర్ని కాదమ్మా, రోజూ ఈ రిపోర్టులు చూసేవాణ్ణి. మీ నాన్నగారి మాట నిజమే. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ ఎక్కిందో అంతవరకే ఆ మిషన్ చెప్తుంది. బస్సులన్నీ నిండుగానే వెళ్తున్నాయి, కానీ డిపోలో బస్సులే తక్కువ. మగవాళ్లకి 13 లోపుంటే రక్తహీనత కిందే లెక్క.

ఇక ఫెరిటిన్. ఊపిరితిత్తుల జబ్బు లాంటిది లోపల రగులుతుంటే, ఐరన్ నిల్వలు తగ్గినా అది పెరిగి కనిపిస్తుంది. 64 చూసి ఊరుకోవద్దు. సీఆర్పీ (లోపల జబ్బు రగులుతోందా చెప్పే పరీక్ష), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రోటీన్‌కి ఎంత శాతం ఐరన్ ఎక్కిందో చెప్పేది) కూడా రాయమని అడగండి. శాచురేషన్ 20 శాతం లోపుంటే అనుమానం గట్టిపడుతుంది. జబ్బు ఇలా రగులుతున్నప్పుడు లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదిలి, పేగుల్లోంచి ఐరన్ రక్తంలోకి రాకుండా ఆపేస్తుంది. కొందరికి మాత్రలు పనిచేయక సెలైన్‌లో ఎక్కించేది అందుకే.

పద్మ, ఖమ్మం:
మా అత్తయ్యది కట్టెల పొయ్యి పొగతో వచ్చిన దమ్ము. ఐరన్ మాత్ర మింగి ఆ వెంటనే టీ తాగేది, ఇక ఒంటికేం పడుతుంది! అది సరే, ఆ వయసు మగవాళ్లకు ఐరన్ తగ్గితే రక్తం ఎటు పోతుందో ముందు చూడాలని మా డాక్టర్ అన్నారు. మీ నాన్న మోకాళ్ల నొప్పులకు మాత్రలు వేసుకుంటాడా? దమ్ము ఎక్కువైనప్పుడు స్టెరాయిడ్ కూడా ఇస్తారు కదా, రెండూ కలిస్తే కడుపులో పుండు పడొచ్చు. ఐరన్ మొదలుపెట్టక ముందే విరేచనం తారులా నల్లగా ఉంటే ఆగకండి.

కామారెడ్డి బిడ్డ:
వేసుకుంటడక్కా. షాపులో పొట్లం కట్టిచ్చేవి. ఇయ్యాళ్టి నుంచి బంద్ చేయించిన. సోమవారం నిజామాబాద్ తీసుకపోతున్న. కడుపులో పుండు ఉందేమో చూసే గొట్టం (ఎండోస్కోపీ) వేస్తే దమ్ము ఆగిపోతదని ఇప్పటి నుంచే భయపడుతున్నడు.

ల్యాబ్ మనిషి, తెనాలి:
గొట్టం నోట్లోంచి కడుపులోకి వెళ్తుంది, గాలిగొట్టంలోకి కాదని చెప్పండి. సీఓపీడీ ఉందని వాళ్లకి ముందే చెప్పండి, మత్తు విషయంలో జాగ్రత్త పడతారు. పీల్చే మందు వెంట తీసుకెళ్లండి.