ఐజేవీ (మెడలోని ఇంటర్నల్ జుగులర్ సిర) సెంట్రల్ లైన్‌కి ఏ సూది వాడాలి?

ప్రశ్న (అనస్థీషియా పీజీ, మొదటి ఏడాది):
సీనియర్లకు నమస్తే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఐజేవీ లైన్ (ఆ సిరలోంచి గుండె దగ్గరి దాకా పంపే సన్నని గొట్టం, అంటే కేథటర్) వేయడం నేర్చుకుంటున్నాను. మా కిట్‌లో 18 గేజ్ స్టీలు సూది ఒకటి, సూది మీద తొడిగిన కాన్యులా (మెత్తని ప్లాస్టిక్ గొట్టం) ఒకటి ఉంటాయి. ఒక సార్ స్టీలు సూదే మేలంటారు, ఒక మేడమ్ కాన్యులా అంటారు. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లకి ఇంకా సన్నని 21 గేజ్ సూది వాడమని ఇంకొకరు. పక్కనే కెరోటిడ్ ధమని కనబడుతుంటే టెన్షన్. ఏది సేఫ్?

జవాబు 1:
రెండూ వాడొచ్చు తమ్ముడూ. స్టీలు సూదితో పని త్వరగా అవుతుంది. చిక్కల్లా రక్తం వచ్చాక సిరింజి తీసేటప్పుడే, చెయ్యి కాస్త కదిలినా మొన సిర దాటిపోతుంది. సూది పట్టుకున్న చేతిని పేషెంట్ మెడకి ఆనించి ఉంచు. వైర్ (కేథటర్‌కి దారి చూపడానికి సూదిలోంచి సిరలోకి పంపే తీగ) అడ్డం పడితే సూదిలోంచి వెనక్కి లాగకు, అంచు తగిలి తెగొచ్చు. రెండూ కలిపి బయటికి తీసెయ్.

కాన్యులా అయితే, రక్తం కనబడేసరికి సిరలో ఉన్నది సూది మొన మాత్రమే. కోణం తగ్గించి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు వెళ్లాకే కాన్యులా జార్చాలి. దానికి ట్యూబ్ తగిలించి ప్రెజర్ చూసి, సిరో ధమనో తేల్చుకోవడం తేలిక. కొత్తవాళ్లకి నేను అదే చెప్తాను.

21 గేజ్‌తో కెరోటిడ్ తగిలినా రంధ్రం చిన్నదే. కానీ మామూలు కిట్‌లోని 0.035 అంగుళాల వైర్ అందులో దూరదు. 0.018 అంగుళాల వైర్, దాని షీత్ (ఆ వైర్ మీదుగా ఎక్కించే గొట్టం) ఉన్న సెట్ చేతిలో ఉంటేనే మొదలుపెట్టు. డ్రేపులు (స్టెరైల్ గుడ్డలు) పరిచాక వెతుక్కుంటే నర్సు చేత తిట్లు ఖాయం.

జవాబు 2:
నన్నడిగితే గేజ్ గొడవ తర్వాత, ముందు మొన ఎక్కడుందో చూడు. అల్ట్రాసౌండ్ ప్రోబ్ అడ్డంగా పెట్టినప్పుడు కనబడే తెల్లచుక్క మొనే కానక్కర్లేదు, సూదిలో ఏ భాగమైనా కావచ్చు. చుక్క కనబడగానే ప్రోబ్‌ని కొంచెం ముందుకు జరుపు. చుక్క మాయమైతే అంతవరకు చూసింది మొనే. సూదిని కాస్త తోసి చుక్కని మళ్లీ రప్పించు, మళ్లీ ప్రోబ్ జరుపు. పెద్దవాళ్లలో సిర సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది, సూది మొత్తం దించక్కర్లేదు. తల మరీ పక్కకి తిప్పొద్దు, సిర వచ్చి కెరోటిడ్ మీదెక్కుతుంది. ప్రోబ్ గట్టిగా నొక్కినా సిర అణిగిపోతుంది.

ప్రశ్నించినవారు:
థాంక్యూ సార్. రక్తం ముదురు రంగులో వస్తే సిరే అనుకోవచ్చా?

జవాబు 2:
అనుకోవద్దు. బీపీ పడిపోయి ఆక్సిజన్ తగ్గిన పేషెంట్‌లో కెరోటిడ్ రక్తమూ నల్లగానే ఉండొచ్చు, తన్నుకునీ రాకపోవచ్చు. డైలేటర్ (కేథటర్ కోసం దారి వెడల్పు చేసే గొట్టం) ముట్టుకునే ముందు వైర్ సిరలోనే ఉందని అడ్డంగా, నిలువుగా రెండు రకాలుగా చూడు. డైలేటర్ సిర దాకా చాలు, పిడి దాకా తొయ్యకు.

జవాబు 1:
ఒకటి మర్చిపోయాం. డైలేటర్ గానీ కేథటర్ గానీ కెరోటిడ్‌లోకి వెళ్లిందని తెలిస్తే కంగారుపడి పీకెయ్యకు. ఉన్నచోటే ఉంచి వాస్క్యులర్ సర్జన్‌కి ఫోన్ చెయ్.