అప్‌డేట్: పాత కారు బానెట్, రూఫ్ పెయింటింగ్ పూర్తయింది

బానెట్, రూఫ్ మీద క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) పొరలు పొరలుగా లేస్తోంది, మొత్తం రేకు దాకా గీకేయాలా అని అడిగా కదా, అక్కర్లేదన్న వాళ్లదే కరెక్ట్. గట్టిగా ఉన్న పాత పెయింట్ వదిలేసి లేచిన చోట 180 నంబర్ శాండ్‌పేపర్‌తో మొదలెట్టి ఇంకా నున్నటి 320తో అంచు వేలికి తగలనంత వరకు అరగదీశా, తుప్పు ఉన్న చోట మాత్రం రేకు మెరిసేదాకా వెళ్లి ఎపాక్సీ ప్రైమర్ (రేకుని కాపాడే, పెయింట్ కింద వేసే పూత) కొట్టా. శాండింగ్‌కి ముందే డీగ్రీజర్‌తో (జిడ్డు తీసే ద్రవం) తుడవమన్న వాళ్లకి స్పెషల్ థాంక్స్, లేకపోతే పాత వ్యాక్స్, సిలికాన్ ఆ గీతల్లోకి దిగి పెయింట్ మీద ఫిష్ ఐస్ (పెయింట్ అంటక ఏర్పడే చిన్న గుంటలు) వచ్చేవి.

అన్నిట్లోకి పనికొచ్చింది గైడ్ కోట్. ప్రైమర్ మీద నల్ల స్ప్రే పల్చగా చల్లి, చదునైన దిమ్మకి (బ్లాక్) శాండ్‌పేపర్ చుట్టి రుద్దితే పల్లంలో నలుపు అలాగే మిగిలిపోతుంది, చేత్తో తడిమితే దొరకని సొట్టలన్నీ బయటపడ్డాయి (బానెట్ మధ్యలో అయితే ఏకంగా ఒక చెరువే ఉంది).

బేస్ కోట్ (రంగు పొర), 2కె క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే క్లియర్ కోట్) మాత్రం ఇంట్లో కొట్టలేదు, పెయింట్ బూత్‌లో చేయించా. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, మామూలు డస్ట్ మాస్క్ వాటిని ఆపదు, డబ్బు మిగుల్చుకోడానికి ఊపిరితిత్తులు పణంగా పెట్టడం నాకు నచ్చలేదు. రూఫ్ మీద కొన్ని దుమ్ము రేణువులు ఇరుక్కున్నాయి, క్లియర్ బాగా గట్టిపడ్డాక 2000 నంబర్ నీళ్ల పేపర్ (తడిపి రుద్దే శాండ్‌పేపర్), పాలిషింగ్ కాంపౌండ్‌తో తీసేస్తా. డోర్ల జోలికి ఇప్పట్లో పోను.