టెమ్‌లో (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) వైట్‌స్పాట్ వైరస్ (రొయ్యలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చేది) ఫొటో ఒకవైపు సాగిపోతోంది

ప్రశ్న (భీమవరం): రొయ్య మొప్పల నుంచి తీసిన వైరస్, 2 శాతం పీటీఏతో (ఫాస్ఫోటంగ్‌స్టిక్ యాసిడ్) నెగటివ్ స్టెయిన్ (కణాల చుట్టూ ముదురుగా కనిపించేలా చేయడం), బీమ్ వోల్టేజ్ 80 కేవీ, కెమెరా ఎక్స్‌పోజర్ 2 సెకన్లు. కణాల అంచులు సాగినట్టు వస్తున్నాయి. ఫోకస్ తప్పా అండీ?

జవాబు: ముందు ఫోకస్ అటూ ఇటూ తిప్పి చూడండి. సాగుడు దిశ 90 డిగ్రీలు మారితే ఆస్టిగ్మాటిజం (లెన్స్ అన్ని దిశల్లో ఒకేలా ఫోకస్ చేయకపోవడం), దాన్ని దిద్దే స్టిగ్మేటర్ సరిచేయండి. మారకపోతే డ్రిఫ్టే, అంటే ఫొటో తీస్తుండగా శాంపిల్ కదలడమే. శాంపిల్ హోల్డర్ లోపల పెట్టాక 15 నిమిషాలు ఆగండి. ఒక్క 2 సెకన్ల షాట్ వద్దు, 0.2 సెకన్ల ఫ్రేములు పది తీసి అలైన్ చేసి కలపండి. గ్రిడ్ (శాంపిల్ ఉంచే చిన్న లోహపు జల్లెడ) మీది పల్చటి ఫిల్మ్ చిరిగిన గడి జోలికి పోకండి, బీమ్ తగలగానే కదులుతుంది.

ప్రశ్న అడిగినవారు: దిశ మారట్లేదండి. నల్లటి గింజలు కూడా పడుతున్నాయి.

మరో జవాబు: అది ఉప్పు అయ్యుంటుంది. స్టెయిన్‌కి ముందు గ్రిడ్‌ని రెండు డిస్టిల్డ్ వాటర్ చుక్కల మీద తేల్చి, ఫిల్టర్ పేపర్ అంచుతో పీల్చేయండి. గింజలు ఫొటో ఫొటోకీ అదే చోట ఉంటే మాత్రం గ్రిడ్‌ది కాదు, కెమెరా గెయిన్ రిఫరెన్స్ (పిక్సెళ్ల మధ్య తేడాలు సరిచేయడానికి వాడే ఖాళీ బీమ్ ఫొటో) మళ్లీ తీయాలి.